ఆరూ ఎడమే

ఫిబ్రవరి 3, సోమవారం

డాక్టరుగారు నోటుపుస్తకం పెట్టమన్నారు. కుడిచేతికి తిమ్మిరి ఎప్పుడెక్కుతోంది, ఏ వేళ్లకి, ఎంతసేపు, అన్నీ రోజూ రాసి నెలాఖరుకి పట్టుకురమ్మన్నారు. మణికట్టులో నరం నలుగుతోందట. అప్పటిదాకా సాన చక్రం జోలికి పోవద్దన్నారు. అలాగేనండీ అని బుద్ధిమంతుడిలా తలూపి, తిన్నగా కొట్టుకొచ్చి రెండు కత్తెరలు సాన పట్టాను.

తిమ్మిరి: లేదు.

ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికేముంది? ముప్పై ఏళ్లుగా ఈ కొట్లో కూర్చుని అందరి కత్తెరలకీ కత్తులకీ పదును పెడుతున్నవాణ్ని, చెయ్యి కాస్త అలిసి ఉంటుంది. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇది కూడా చెయ్యొద్దంటే కొట్లో కూర్చుని ఏం చెయ్యాలి, వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టాలా?

ఈ పుస్తకం కొట్లోనే, ఆకురాళ్ల డబ్బా వెనకాల పెడుతున్నాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

పొద్దున్నే అక్క వచ్చింది. ముప్పై రెండేళ్లు బళ్లో ఆటల టీచరుగా చేసి ఈ మధ్యే రిటైరైంది. ఉద్యోగం వదిలింది గానీ మెడలో ఈల వదల్లేదు. అక్క అడుగుపెడితే కొట్లో గాలి కూడా వరసలో నిలబడుతుంది.

"ఒరేయ్ బుడ్డోడా, నీతో పనిపడింది," అంది. బుడ్డోడికి యాభై మూడేళ్లు.

లైబ్రరీ మేడ మీద హాల్లో పెద్దవాళ్లకి ఫెన్సింగ్ నేర్పుతుందట. నలభై దాటినవాళ్లకే. ఇప్పటికి పదిమంది పేర్లిచ్చారు. మొహానికి జాలీ ముసుగులూ, మందపాటి కోట్లూ బడివాళ్లు పాతవి ఇచ్చేశారు. కత్తులే లేవు. మార్చి ఒకటిన మొదలు.

"ఉక్కు సంగతి నీకు తెలుసుగా. చవగ్గా ఉండాలి, చచ్చు సరుకు కాకూడదు. కొత్తవాళ్లురా, వంచుతారు, పడేస్తారు, గోడకేసి కొడతారు. అన్నిటికీ ఓర్చుకోవాలి. ఆరు చాలు, వంతులేసి ఆడిస్తాను."

"ఓస్ ఇంతేనా, ఎడంచేత్తో చేసిపెడతాను," అన్నాను.

అక్క ఏదో అనబోయి, నా చేతుల వంక చూసి, ఊరుకుంది. అక్క ఊరుకోవడం నేను చూసింది తక్కువ.

తిమ్మిరి: లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

అక్క చీటీ పంపింది. ఉత్తరం రాసినా జాబితాలాగే రాసే మనిషి, ఇక జాబితా రాస్తే అడగాలా. "ఫాయిల్ ఆరు. సైజు అయిదు. కరెంటుది వద్దు. మొన మొద్దు. పిడి ఎడం. చవక." అంతే. కింద సంతకం కూడా పెట్టింది, ఎందుకో.

ఫాయిల్ అంటే అన్నిటికన్నా తేలికపాటి కత్తి, మొదటి పాఠాలన్నీ దానితోనేనట. సైజు అయిదంటే పెద్దవాళ్లకి సరిపడే పొడుగు. కరెంటుదంటే పోటీల్లో మొన తగలగానే దీపం వెలిగే రకం. మనవాళ్లకి దీపాలు తర్వాత, ముందు కాళ్లు తడబడకుండా ఉంటే చాలు. జీవితమంతా అంచుకి పదును పెట్టినవాణ్ని, అంచూ పదునూ లేని కత్తి కోసం ఊరంతా తిరగాల్సొచ్చింది.

ముందు నాటకాల సామాన్ల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన కిరీటాల వెనక నుంచి ఒకటి తీశాడు. చూడటానికి రాజుగారి ఠీవే. వేలితో మీటితే టక్కుమని ఊరుకుంది. మంచి ఉక్కు మీటితే కాసేపు పాడుతుంది, ఇది ఒక్క మాటతో సరిపెట్టింది. ఉత్త ఇనుము, పైన పూత. సుత్తి అంత బరువు.

"మొన చూడండి సార్, ఎంత మొద్దుగా ఉందో," అన్నాడాయన. బొటనవేలు ఆనించి నొక్కి చూశాను. ఏమీ అనిపించలేదు. బాగుందయ్యా అన్నాను. ఆయన నా వేలు చూసి కంగారుపడి గుడ్డ తెచ్చాడు. రక్తం కారుతోంది.

తిమ్మిరి: లేదు. మొన మరీ సన్నం. అందుకే తెలియలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఆటల సామాన్ల కొట్టు. ఇక్కడి ఫాయిల్ తేలిగ్గానే ఉంది, ధర ఇంకా తేలిగ్గా ఉంది. మొన మీద రబ్బరు బిరడా కూడా ఉంది. ఇంకేం, పని అయిపోయిందనుకున్నాను. మొన నేలకి ఆనించి విల్లులా వంచాను. చక్కగా వంగింది. వదిలాను. వంగే ఉంది.

"వంచినవాళ్లే కొనాలండీ," అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే. రోజుకొకడు వంచుతాడు కాబోలు, మాటలో తొణుకూ బెణుకూ లేదు.

కొన్నాను. మా ఆవిడ దానితో మూలల్లో బూజు దులుపుతోంది. ఆ వంపు గోడమూలలకి సరిగ్గా సరిపోయిందట. నేను ఇంటికి తెచ్చిన వస్తువుల్లో ఆవిడ మెచ్చుకున్నది ఇదే మొదటిది.

తిమ్మిరి: మధ్యాహ్నం కాస్త. చలికి.

ఫిబ్రవరి 8, శనివారం

మా ఆవిడకి ఈ మధ్య నా మీద ప్రేమ పొంగుతోంది. పొద్దున లైబ్రరీలో డ్యూటీకి ఆలస్యమవుతున్నా ఆగి మరీ నా చొక్కా గుండీలు తనే పెడుతోంది. సీసా మూతలు తనే తీస్తోంది. పెళ్లయిన కొత్తలో కూడా ఇంత ముచ్చట లేదు. ఇరవై ఆరేళ్ల తర్వాతైనా నా విలువ తెలిసొచ్చింది. నేనూ ఏమీ ఎరగనట్టు చేతులు వదిలేసి నిలబడుతున్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

సెలూనాయన వచ్చాడు. ఇరవై ఏళ్లుగా నా దగ్గర తప్ప ఇంకెక్కడా సాన పట్టించని మనిషి. పోయిన వారం పట్టిచ్చిన కత్తెర బల్ల మీద పెట్టి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి సంగతి?"

"ఏం లేదన్నా. ఒక పక్క కోస్తోంది, ఒక పక్క నములుతోంది. కూర్చున్నాయన అరిచాడు."

"తలకి నూనె రాసుకొచ్చుంటాడు."

"అయ్యుంటుందన్నా," అన్నాడు. కత్తెర వదిలేసి వెళ్లాడు. మామూలుగా అయితే కూర్చుని టీ తాగి, లోకంలో అందరి గురించీ చెప్పి గానీ కదలడు.

మళ్లీ పట్టాను. కత్తెర రెండు ఆకులూ ఒకే కోణంలో రావాలి. ఒకటి వచ్చింది.

తిమ్మిరి: లేదు. తలకి నూనె రాసుకొచ్చినవాళ్లకి క్షవరం చెయ్యకూడదు.

ఫిబ్రవరి 12, బుధవారం

దొరికాయి.

అక్క పాత పుస్తకంలో కత్తులు చేసే వర్క్‌షాపు నంబరుంటే ఫోన్ చేశాను. ముసలాయన గొంతు. వెనకాల సమ్మెట దెబ్బలు వినపడుతున్నాయి. ఆ చప్పుడుకే నాకు సగం నమ్మకం కుదిరింది.

సాన పట్టేవాణ్నని చెప్పుకుని, "వంచితే తిరిగొస్తుందా?" అని అడిగాను. ఒకసారి దెబ్బ తిన్నవాణ్ని.

"వంచి వదిలితే మీకంటే ముందు నిటారుగా నిలబడుతుందండీ."

"విరిగితే?"

"ఏదో ఒకనాటికి విరగని కత్తి ఉండదండీ. వంపు ఎప్పుడూ ఒకే చోట పడుతోందనుకోండి, ఇక దాన్ని పక్కన పెట్టెయ్యాలి. విరిగిన ముక్క ఎంత పదునుంటుందో సాన పట్టే మీకు నేను చెప్పాలా?"

మనిషి నచ్చాడు. చీటీ తీసి ఒక్కొక్కటీ చదివాను. సైజు అయిదు, ఉంది. కరెంటు లేనిది, ఉంది. రబ్బరు బిరడా, ఉంది.

"పిడి?" అన్నాడు.

"ఎడం," అన్నాను.

అవతల సమ్మెట చప్పుడు ఆగింది. "ఎడమా?"

"ఎడమే."

"ఆరూ ఎడమేనాండీ?"

ఎడం పిడి అంటే ఏమిటో నాకు తెలియదు. ఏదో ఒక రకమై ఉంటుంది. తెలియదంటే సాటి పనివాడి దగ్గర చులకనైపోతాం. అక్కని అడుగుదామంటే, ఎడంచేత్తో చేసిపెడతానని గొప్పలు పోయింది నేనే.

"ఆరూ ఎడమే. మేం ఎప్పుడూ ఎడమే వాడతాం," అన్నాను.

"భలే దొరికారు బాబూ. పదేళ్లుగా ఓ మూల పడున్నాయి. కొత్తవే, నూనెగుడ్డ చుట్టి ఉంచాను. ఒక్కడు అడగడు. సగం ధరకే ఇచ్చేస్తాను. వాపసు మాట మాత్రం ఎత్తకండి."

"వాపసా? ఆ మాటే రాదు," అన్నాను దర్జాగా.

ఉక్కు మంచిది, ధర సగం, మనిషి నిజాయితీపరుడు. బేరమాడటం కొందరికి పుట్టుకతోనే వస్తుంది.

ఫిబ్రవరి 15, శనివారం

కత్తులు వచ్చేలోపు కాళ్లు నేర్పుతానని అక్క పదిమందినీ హాల్లో పోగేసింది. నాకేం పని లేదు, నేల గట్టిగా ఉందో లేదో చూడ్డానికి వెళ్లాను. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని రెండు గంటలు నేల గట్టిదనం చూశాను.

చెయ్యి చాపి, మోకాళ్లు వంచి, ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడ్డారు. ముందుకి, వెనక్కి. అక్క ఈల ఊది "ఎడం! ఎడం!" అని అరిచింది. దూరం ఉంచండర్రా, మీద పడకండి అని ఆవిడ అర్థం. సగం మంది ఎడమవైపు దూకారు. సగం మంది వెనక్కి జరిగారు. పదిమందిలో ఒకడైన పశువుల డాక్టరు రెండూ చేసి, తనలాగే పేరిచ్చిన మన సెలూనాయన కాలు తొక్కాడు.

"ఎడం అంటే ఎడమ పక్కకి కాదయ్యా, ఎడం. మధ్యలో జాగా!" అంది అక్క.

"అలా చెప్పండి మరి టీచరుగారూ. నేనెన్ని ఆవుల చేత తన్నించుకున్నాను, దూరం అంటే నాకు తెలియదా," అన్నాడు డాక్టరు.

మళ్లీ "ఎడం!" అంది. మళ్లీ దూకారు. నాకు నవ్వాగలేదు. ఇంత వయసొచ్చి, ఒక్క మాట అర్థం చేసుకోలేకపోతే ఎలా? మనిషన్నాక ఎదుటివాళ్లు ఏ అర్థంలో అంటున్నారో కాస్త ఆలోచించాలి.

సెలూనాయన నాతో మాట్లాడాడు గానీ కత్తెర మాటెత్తలేదు. మిగతా కత్తెరలు వేరే చోట పట్టించాడని తర్వాత తెలిసింది. తొందర పనై ఉంటుంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్క కత్తి వచ్చింది. అదీ కాగితాలు కోసుకునేది.

తిమ్మిరి: లేదు లేదు లేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

పార్సిలొచ్చింది. కుడిచేత్తో తాళ్లు కోస్తూ, ఇంకో చేత్తో ఒక కత్తి బయటికి లాగాను. ఆహా. సన్నగా, పొడుగ్గా, చివరికంటా నూనె మెరుపు. మీటితే పాడింది. నేలకి ఆనించి వంచి వదిలితే ఝుమ్మని నిటారుగా లేచింది, ముసలాయన అబద్ధమాడలేదు.

పిడి అయితే చెప్పనక్కర్లేదు. కర్రలాగా తిన్నగా లేదు. పిస్తోలు పిడిలా వంకర్లు తిరిగి, ప్రతి వేలికీ ఒక్కో చోటు ఉంది. పట్టుకోగానే వేళ్లు వాటంతటవే సర్దుకు కూర్చున్నాయి. ఆరూ తీసి ఒకదాని తర్వాత ఒకటి పట్టుకు చూశాను. ఆరూ నా చేతికి అచ్చు పోసినట్టున్నాయి. ఎడం పిడి అంటే ఇదన్నమాట. ఇంత మంచి రకాన్ని ఎవరూ అడగకపోవడమేమిటో. కొట్టు తలుపు వేసి, అద్దం ముందు నిలబడి కాసేపు గాలిని పొడిచాను. చాలా రోజుల తర్వాత చేతిలోంచి ఏదీ జారిపడలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

అక్కొచ్చింది. ఒకటి తీసింది. వంచి చూసింది, మీటి చూసింది. "భలే ఉక్కురా," అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తర్వాత పిడి పట్టుకుంది. మొహం మారింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఇంకొకటి తీసింది. ఆరూ అయ్యాక బల్ల మీద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇవి ఎడమచేతివాటం వాళ్లవిరా."

"నువ్వేగా రాశావు, పిడి ఎడం అని."

"పిడి ఎడంగా ఉండాలి అని రాశాను. వేళ్లకి కాస్త జాగా ఉండే తిన్నటి పిడి. కొత్తవాళ్ల వేళ్లు ఒక్కోళ్లవి ఒక్కోలా ఉంటాయి కదా. ఆరూ ఎడమచేతివి తెచ్చి నేనెవరికివ్వను? పదిమందీ కుడిచేతివాళ్లే!"

"అలాంటప్పుడు పట్టుకుంటే అంత బాగా ఎలా కుదిరింది? నిన్న ఆరూ చూశాను, అచ్చు పోసినట్టున్నాయి."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఏదీ, పట్టుకో."

పట్టుకున్నాను.

"ఏ చేత్తో పట్టుకున్నావో చూసుకో."

చూసుకున్నాను. ఎడమచెయ్యి.

నేనే గమనించలేదు. అక్క స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. పశువుల డాక్టర్ని చూసి నవ్విన నోటితో నేనూ నవ్వాల్సొచ్చింది. వాపసు తీసుకోడని చెప్పాక ఇంకో విడత నవ్వింది.

"అయితే కొత్త పిడులు నువ్వే చెయ్యి. తిన్నటివి, చెక్కవి. ఎడంచేత్తో చేసిపెడతానన్నావుగా," అని ఈల ఊది మరీ వెళ్లింది. ఆరు పిడులు, ఎనిమిది రోజులు. కత్తి పిడులు చెయ్యడం నాకు కొత్తేం కాదు.

కొత్తేం కాదు. కానీ చెక్క అరగదియ్యాలంటే ఆకురాయి పట్టుకోవాలి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

చెక్క తెచ్చాను. పక్క కొట్టు వడ్రంగి మిషను మీద బెజ్జాలు వేసిచ్చాడు. మిగతాది రేపు.

ఫిబ్రవరి 22, శనివారం

ఇవాళ్టిది రాయకుండా ఉండొచ్చు. కానీ రాయకపోతే ఈ పుస్తకం మొత్తం ఎందుకు.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. మొదటి చెక్క సగం అయ్యేసరికి ఆకురాయి జారింది. రెండోసారి జారినప్పుడు చెక్క చీలింది. మూడోసారి జారలేదు, నేను వదల్లేదనే అనుకున్నాను, చూస్తే నేల మీద ఉంది. తియ్యడానికి వంగి డబ్బా మొత్తం కింద పారబోశాను. సరిగ్గా అప్పుడే అక్క టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ఆకురాళ్లతో పాటు ఈ పుస్తకం కూడా ఆవిడ కాళ్ల దగ్గర పడింది. టీచరు కదా, నోటుపుస్తకం కనపడితే దిద్దకుండా ఉండలేదు. తీసి మొదటి పేజీ నుంచి చదివింది. నేను పిల్లిలా చూస్తూ కూర్చున్నాను.

"ఇన్ని లేదులు ఉన్నాయంటే ఏదో ఉన్నట్టేరా," అంది. తర్వాత, "నా ఈల సంగతి రాసినందుకు వేరే ఉంది నీకు."

అప్పుడు చెప్పాను. బొటనవేలూ, పక్క రెండు వేళ్లూ నా మాట వినడం మానేసి మూడు నెలలైందని. చక్రం మీద కత్తెర పెడితే ఎంత ఒత్తుతున్నానో తెలియడం లేదని. సెలూనాయన మాటెత్తకుండా వేరే చోటికి వెళ్లిపోయాడని, మిగతావాళ్లూ అలాగే చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతారని, అప్పుడు నేనెవరినో నాకు తెలియదని. భయమేస్తోందక్కా అన్నాను. ఆ మాట నోటితో అనడం ఇదే మొదలు.

అక్క నా కుడిచెయ్యి తీసుకుని కాసేపు వేళ్లు నొక్కుతూ కూర్చుంది. తర్వాత వదిలేసి ఎడమది పట్టుకుంది.

"దీన్ని కట్టింది నేనే కదరా," అంది.

నాకు గుర్తుంది. నాకు అయిదేళ్లు, అక్కకి పదకొండు. పుర్రచేత్తో రాస్తున్నానని నాన్న మండిపడి, రోజూ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి కుడిచేత్తో దిద్దించే పని అక్కకి అప్పజెప్పారు. అక్క తన జడ రిబ్బను విప్పి నా ఎడమచేతిని బల్ల కాలికి కట్టేది. ఎర్ర రిబ్బను. ఏడాది పాటు.

"నాన్న చెప్పారు, నువ్వు చేశావు. నువ్వూ చిన్నదానివేగా."

"బళ్లో ముప్పై రెండేళ్లు ఎంతమంది పుర్రచేతి పిల్లలొచ్చారో తెలుసా? ఒక్కళ్లని దిద్దలేదు. మొన్న నువ్వు ఎడంచేత్తో చేసిపెడతానంటే ఆ రిబ్బనే గుర్తొచ్చింది." ముక్కు చీదుకుని లేచింది. "సరే, ఏడుపులు చాలు. ఆకురాయి అందుకో. ఆ చేత్తో కాదు."

చెక్కకి అవతలి కొస అక్క పట్టుకుంది. నేను ఎడమచేత్తో ఆకురాయి ఆడించాను. మొదట ఎవరి చెయ్యో అనిపించింది. మధ్యాహ్నానికి నాదే అనిపించింది. సాయంత్రానికి ఒక పిడి అయింది, అందంగా లేదు, తిన్నగా ఉంది.

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండా, "డాక్టరుగారు ఆపరేషన్ ఎప్పుడన్నారు?" అంది.

"నీకెలా తెలుసు?"

"రెండు నెలలుగా మీ గుండీలు ఎవరు పెడుతున్నారు?"

ప్రేమ పొంగిందనుకున్నానని చెప్పాను. "అది కూడా," అంది, పేజీ తిప్పుతూ.

తిమ్మిరి: ఉంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

మూడు పిడులు. ఆఖరిది చూడటానికి కూడా బాగుంది.

సెలూనాయన కత్తెర ఇంకా నా దగ్గరే ఉంది. చక్రం మెల్లగా తిప్పుతూ, కుడిచెయ్యి ఊరికే ఆసరాకి పెట్టి, ఎడమచేత్తో పట్టాను. మామూలుగా అయిదు నిమిషాల పని, గంటన్నర పట్టింది. తీసుకెళ్లి ఇచ్చాను. నా చెయ్యి సంగతి చెప్పాను. తప్పు తలనూనెది కాదని కూడా చెప్పాను.

ఆయన తన వెంట్రుకే ఒకటి పీకి కోసి చూశాడు. రెండో పక్కా కోసి చూశాడు. "ముందే చెప్పొచ్చుగా అన్నా. నీ మొహం చూసి అడగలేక చచ్చాను," అన్నాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పశువుల డాక్టరు తన కాలు తొక్కిన వైనం మళ్లీ మొదటినించీ చెప్పాడు, నేనక్కడ లేనట్టు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

డాక్టరుగారు ఈ పుస్తకం పదిహేను నిమిషాలు చదివారు. బయట జనం కూర్చున్నారు, ఆయనకి పట్టలేదు. "తిమ్మిరి దాదాపు ఎక్కడా లేదు గానీ మిగతావన్నీ ఉన్నాయే. కత్తులకి పిడులు మార్చారా చివరికి?" అన్నారు. అయిదు మార్చానని చెప్పాను.

మార్చి పదిన ఆపరేషన్, చిన్నదే. తర్వాత రెండు నెలలు కుడిచేతికి సెలవు. పూర్తిగా మునుపటిలా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. పోయిన నెల ఈ మాట విని ఉంటే కాళ్ల కింద నేల కదిలేది. ఇవాళ, "ఈలోగా ఇంకో చేత్తో మెల్లగా చేసుకోవచ్చాండీ?" అని అడిగాను. ఎందుకు చేసుకోకూడదన్నారు.

కొట్టుకి బోర్డు రాయించాను: పనికి రెండు రోజులు పడుతుంది. తొందరున్నవాళ్లు టీ తాగి వెళ్లొచ్చు.

మార్చి 1, శనివారం

ఈ పేజీ ఎడమచేత్తో. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత వస్తోంది. కాబట్టి చిన్న మాటలు.

హాలు నిండింది. పదిమందీ వచ్చారు. నాతో పదకొండు.

అయిదు కత్తులకి చెక్క పిడులు. తిన్నగా, ఎడంగా. ఎవరి వేళ్లకైనా జాగా ఉంది. పశువుల డాక్టరు గోడకేసి కొట్టాడు. కత్తి వంగింది, లేచింది. గోడకే గీత పడింది.

ఆరో కత్తి పిడి మార్చలేదు. అది నాది.

అక్క నన్ను ఎదురుగా నిలబెట్టింది. ముసుగు వేసుకుంది. "ఎడం!" అని అరిచింది. నేను వెనక్కి జరిగాను. మళ్లీ అరిచింది, మళ్లీ జరిగాను. మూడోసారి ఆవిడే ముందుకొచ్చింది. నా చెయ్యి నన్నడక్కుండా వెళ్లింది. మొన ఆవిడ భుజం కింద తగిలి, కత్తి విల్లులా వంగింది.

హాలంతా చప్పట్లు. మా ఆవిడ కింద లైబ్రరీ నుంచి వచ్చి నిశ్శబ్దం అంది. తర్వాత తనూ కొట్టింది.

అందరూ వెళ్లాక మెట్ల మీద కూర్చున్నాం. అక్క ముసుగు తీసింది. జుట్టంతా చెమట.

"ఒకటడగనా? ఆ రిబ్బను గట్టిగా కట్టేదాన్ని కాదురా. వేలు దూరేంత ఎడం ఉంచేదాన్ని. లాగితే చెయ్యి వచ్చేసేది. నాన్న అటు వెళ్లగానే నువ్వు లాక్కుంటావనుకునేదాన్ని. ఎప్పుడూ లాక్కోలేదేం?"

"వదులుగా ఉందని తెలుసు," అన్నాను. "లాక్కుంటే నాన్న నిన్ను కొడతారని."

అక్క ఈల నోట్లో పెట్టుకుంది గానీ ఊదలేదు. తర్వాత తన గ్లవ్సు విప్పి నా ఎడమచేతికి తొడిగింది. కుడిచేతి గ్లవ్సు. బొటనవేలు తప్పు పక్కకి వచ్చింది.

"ఎడమచేతిది ఒకటి చూడాలి నీకు," అంది.

"ముసలాయన దగ్గర ఉంటుంది," అన్నాను. "సగం ధరకి."